చాకు వెల - చాకు విలువ



కొన్ని నెలల క్రిందట మా కార్యాలయములో ఒక చిన్న వివాదము పుట్టినది. మాతో ముప్పది యేండ్లు పనిచేసిన ఒక పెద్దమనిషి ఉద్యోగ విరమణ చేయనుండెను. ఆయనకు తోటపని మీద మక్కువ. అంట్లు కట్టుట, కొమ్మలు కత్తిరించుట, మామిడికాయ కోసి నలుగురికి ముక్కలు పంచుట ఆయనకు నిత్యకృత్యములు. ఆయన జేబులో ఎల్లప్పుడును ఒక పాత మడతచాకు ఉండెడిది. అందుచేత వీడ్కోలు కానుకగా మంచి చాకు నొకదానిని ఇత్తమని అందరమును ఏకాభిప్రాయముతో తీర్మానించుకొంటిమి.

వివాదము ఆ తరువాత వచ్చినది. అమెరికాలో చేసిన చాకు ఒకటి కలదనియు, దాని వెల 400 డాలర్లకు పైబడియున్నదనియు, ఇచ్చినచో అటువంటిదే ఇవ్వవలెననియు ఒక యువమిత్రుడు పట్టుబట్టెను. మన రూపాయలలో అది ముప్పదివేలకు పైమాట. చందాల పట్టికలో అధికారుల పేర్లతో పాటు గేటు దగ్గర కాపలా యుండునతని పేరును, ఫలహారశాలలో కప్పులు కడుగునామె పేరును ఉన్నవి. వారి సొమ్ము కూడ కలిపి ఒక చాకు మీద ముప్పదివేలు వ్యయము చేయుట న్యాయమేనా? అంత వెలకు అందులో అంత విలువ ఉన్నదా? విచారించి చెప్పుడని ఆ భారమును మా మీద పెట్టిరి. ఈనాటి ప్రసంగము ఆ విచారణ ఫలితమే.

చాకు చేయవలసిన పనులు మూడు. తెగవలసినదానిని తెగగోయుట మొదటిది. తెగకూడనిదానిని, అనగా మన వ్రేళ్ళను, కోయకుండుట రెండవది. ఏండ్లు గడచినను ఈ రెండు ధర్మములను తప్పకుండుట మూడవది. వెల ఎంతయైనను ఈ మూడింటితో తూచి చూచినగాని దాని న్యాయాన్యాయములు తేలవు.

మొదట కోత సంగతి చూతము. కోత అలుగులోని ఉక్కును బట్టియు, అలుగు మందమును బట్టియు, అంచు పదునును బట్టియు ఉండును. ఇనుములో తగుపాళ్ళ కర్బనము చేరినచో అది ఉక్కగును. ఆ ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలోనో నీటిలోనో ముంచినచో గట్టిపడును. కాని అట్లు గట్టిపడినది గాజువలె పెళుసుగా కూడ ఉండును. కావున దానిని మరల కొంచెము వేడిచేసి ఆ పెళుసుదనమును తగ్గింతురు. మన పల్లెలలో కమ్మరి కొలిమి దగ్గర కూర్చుండి చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఈ రెండు వేడిమిల నేర్పులోనే కత్తి జాతకమంతయు ఉన్నది.

మంచి ఉక్కుకు మంచి వెల పెట్టుట కూడ మన దేశమున పాతమాటయే. నేటి తెలంగాణ రాష్ట్రమున నిజామాబాదు ప్రాంతములో కోనసముద్రమను గ్రామము కలదు. ఒకప్పుడు అక్కడ మట్టి మూసలలో ఇనుమును కరగించి ఉక్కు ముద్దలు తీయుచుండిరి. వాయ్సీ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పరిశ్రమను కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఆ ఉక్కును కొనుటకు పారసీక దేశమునందలి ఇస్పహాను నుండి వర్తకులు వచ్చుచుండిరని అందువలన తెలియుచున్నది. పాశ్చాత్యులు 'వుట్జు' అని పిలిచినది దక్షిణ భారతదేశపు ఈ మూస ఉక్కునే. ఆ పేరు మన 'ఉక్కు' అను మాటనుండియే పుట్టినదని పలువురి అభిప్రాయము. నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాళ్ళ కర్బనము గల ఆ ఉక్కుతోనే ప్రసిద్ధములైన దమాస్కసు ఖడ్గములను చేసిరి. విద్యుచ్ఛాస్త్రములో అఖండఖ్యాతి గడించిన మైకేలు ఫారడే సైతము 1820 ప్రాంతమున దీని గుట్టు తెలిసికొనుటకు ప్రయోగములు చేసెను.

ఇస్పహాను నుండి అంతదూరము వచ్చి వెలపోసి కొన్న ఆ వర్తకుడు తెలివితక్కువవాడని ఎవరందురు? ఆనాడు మంచి ఉక్కునకును సామాన్యపు ఉక్కునకును హస్తిమశకాంతరము. మంచిది కావలెనన్నచో దూరము పోవలెను, ధనము పోయవలెను. వేరు దారి లేదు.

నేటి పరిస్థితి అది కాదు. ఇంగ్లండులోని షెఫీల్డు ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ 1740ల నాటికి మూసలలో ఉక్కు కరగించు పద్ధతిని సాధించెను. 1856లో బెస్సిమరు పద్ధతి వచ్చి ఉక్కు వెలను నేలకు దింపినది. 1913లో షెఫీల్డులోనే హ్యారీ బ్రియర్లీ ఉక్కులో క్రోమియము కలిపి త్రుప్పుపట్టని ఉక్కును తయారుచేసెను. ఈనాడు ఏ ఉక్కులో ఏ మూలకము ఎన్ని పాళ్ళు ఉన్నదో కర్మాగారమువారు చీటిమీద వ్రాసి ఇయ్యగలరు. కాచు వేడిమిని యంత్రములు కొలిచి చూపును. ఒకనాడు రాజులకు మాత్రమే దక్కిన నమ్మకమైన అలుగు నేడు సామాన్య గృహస్థుని జేబుకు అందినది. వెలను గూర్చిన మన ఆలోచన ఈ మార్పునుండియే మొదలుకావలెను.

ఇందుకు రెండు దృష్టాంతములు చెప్పుదుము. ఫ్రాన్సుదేశమున సవాయ్ అను కొండసీమలో జోసెఫ్ ఒపినెల్ అను కమ్మరివాని కుమారుడు 1890లో ఒక కర్రపిడి చాకును తయారుచేసెను. పలుచని అలుగు, గుండ్రని పిడి, నడుమ ఒక చీల, అంతకు మించి ఏమియు లేదు. 1897 నాటికి దానిని ఒకటి మొదలు పండ్రెండు వరకు పరిమాణములలో చేయసాగిరి. తెరచిన అలుగు చేతిమీదికి ముడుచుకొనకుండ పిడి మొదట త్రిప్పెడి ఉక్కు ఉంగరమును 1955లో చేర్చిరి. నాటికిని నేటికిని అది రైతుల చాకే.

రెండవది స్విట్జర్లాండుది. కార్ల్ ఎల్సనర్ అను కత్తుల పనివాడు 1884లో ఈబాక్ గ్రామమున కార్ఖానా పెట్టి, 1891లో తన దేశపు సైన్యమునకు చాకులు సరఫరా చేయ నారంభించెను. ఎర్రపిడితో లోకమంతట పరిచితమైన రకమునకు మూలమగు అధికారుల చాకును 1897లో నమోదు చేయించెను. 1909లో గతించిన తల్లి విక్టోరియా పేరును తన సరకుకు పెట్టుకొనెను. త్రుప్పుపట్టని ఉక్కునకు ఫ్రెంచివారి సంకేతమైన 'ఇనాక్స్' అను మాట 1921లో దానికి చేరి 'విక్టోరినాక్స్' అయినది. ఈ రెండింటిలోను సామాన్యమైన రకములు ఆ 400 డాలర్ల చాకు వెలలో పదవవంతుకన్న తక్కువకే దొరకును.

మరి ఆ తొమ్మిదివంతుల అధికమైన సొమ్ము ఎక్కడకు పోవుచున్నది? ఖరీదైన చాకు పక్షమున చెప్పవలసినదానిని న్యాయముగా చెప్పుదుము. మా మిత్రుడు పేర్కొన్న చాకు పేరు సెబెంజా. దక్షిణాఫ్రికాలో పుట్టి 1989లో అమెరికాకు వలసపోయిన క్రిస్ రీవ్ దాని రూపకర్త. సెబెంజా అనగా జూలూ భాషలో 'పని' అని అర్థము. దాని పిడి టైటానియము పలకలతో చేసినది. ఆ పలకలోనే చీల్చిన ఒక నాలుక లోపలికి వంగి అలుగు వెనుక ఆనుకొని గడియ వలె నిలుచును. కదలు భాగములన్నియు వెంట్రుకవాసి తేడా లేకుండ అమరియుండును. విప్పి శుభ్రపరచుకొని మరల బిగించుకొనవచ్చును.

ఇట్టి చాకులలో వాడు ఉక్కు కూడ వేరు. 2001లో వచ్చిన ఎస్ 30 వి అను ఉక్కును తీసికొందము. కరగిన లోహమును వాయువుతో చిమ్మి సన్నని రేణువులుగా చేసి, ఆ పొడిని అధిక పీడనమున వేడిచేసి ముద్దగా నొక్కుదురు. అందులో నూటికి ఒకటిన్నర పాళ్ళకు కొంచెము తక్కువగా కర్బనమును, 14 పాళ్ళు క్రోమియమును, 4 పాళ్ళు వెనేడియమును ఉండును. వెనేడియము కర్బనముతో కూడి అతి కఠినములైన కణికలగును. ఆ కణికలు అంచును అరగనీయవు. కాఠిన్యమును కొలుచుటకు రాక్‌వెల్ కొలమానమను ఒక పద్ధతి కలదు. వజ్రపు మొనను 150 కిలోగ్రాముల బరువుతో ఉక్కుమీద ఆనించి ఎంత లోతు దిగునో చూతురు. ఆ కొలతలో స్విస్ చాకు 56 దగ్గర నిలుచును. ఖరీదైన చాకులు 60 ప్రాంతమున ఉండును.

కావున తేడా లేదని మేమనము. ఉన్నది. అయితే ఆ తేడా ఎవరికి ఉపయోగపడుననునది అసలు ప్రశ్న.

దీనిని తేల్చుకొనుటకు మా మిత్రుని బంధువు అమెరికా నుండి తెచ్చుకొన్న ఖరీదైన చాకు నొకదానిని ఎరువు తెచ్చితిమి. దానిని, మా యింటనున్న తక్కువ వెల చాకును ప్రక్కప్రక్కన పెట్టుకొని ఒక ఆదివారమంతయు కొబ్బరిపీచు త్రాడును, అట్టపెట్టెలను కోసితిమి. తక్కువ వెలది ముందుగా మొద్దువారినది. ఇంటిలోని సానరాయి మీద ఐదు నిమిషములు నూరగా దాని పదును తిరిగి వచ్చినది. ఖరీదైనది చాలసేపు నిలిచినది. కాని అదియు చివరకు మొద్దువారినది. దానిని అదే రాయి మీద పదును పెట్టబోగా సాయంకాలమంతయు పట్టినది. అప్పటికిని తృప్తి కలుగలేదు. వెనేడియము కణికలు సామాన్యపు సానరాయి రేణువులకన్న కఠినములు. వానిని చక్కగా అరగదీయుటకు వజ్రపు పొడి అంటించిన పలక కావలెను. ఏ గుణమునకై మనము అంత వెల పోసితిమో ఆ గుణమే మొద్దువారిననాడు మన చేతిని కట్టివేయుచున్నది.

మామిడికాయల దగ్గర మరియొక సంగతి బయటపడినది. గట్టిపనికని ఖరీదైనదాని అలుగును మందముగా చేసిరి. అది కాయను కోయుటకు బదులు చీల్చుచున్నది. తక్కువ వెల చాకు అలుగు పలుచన. అది కాయలో నిశ్శబ్దముగా దిగినది. మందమైన అలుగు ఎంత మేలైన ఉక్కుదైనను పలుచని అలుగు కోసినట్లు కోయజాలదు.

ఇంతమాత్రముచేత అన్నిటికన్న చవుకదానిని కొనుడని మేము చెప్పుచున్నామని తలపవలదు. మా ఎడమచేతి చూపుడువ్రేలి మీద ఒక మచ్చ కలదు. కాలేజీలో చదువుకొను రోజులలో తిరునాళ్ళలో ఒక చాకు కొంటిమి. తళతళలాడు పిడి, పిడిమీద పువ్వులు, చూచుటకు ముచ్చట. దాని గడియ పేరునకు మాత్రమే గడియ. ఒకనాడు చెరకుగడ కణుపు మీద నొక్కగా అలుగు వెనుకకు ముడుచుకొని వ్రేలిమీద పడినది. ఎముక కనబడినది. మా తల్లిగారు గుడ్డ తడిపి చుట్టి వైద్యునివద్దకు పరుగెత్తిన ఆ మధ్యాహ్నము మాకు ఇంకను జ్ఞాపకమున్నది. కొన్ని వారములు కలము కూడ సరిగా పట్టలేకపోయితిమి. ఆ చాకు మీద మేము మిగుల్చుకొన్న సొమ్ము వైద్యుని రుసుములో సగమునకు కూడ చాలలేదు. పిండికొలది రొట్టె అని పెద్దలు ఊరక అనలేదు.

చవుకరకపు చాకులలో దోషము సామాన్యముగా రెండుచోట్ల ఉండును. ఉక్కుకు సరిగా పదును పెట్టకపోవుట ఒకటి. చీల దగ్గర వదులు రెండవది. మొదటిది పనిని చెరచును. రెండవది మనిషిని చెరచును. అంగడిలో నిలబడి వీనిని కొంతవరకు కనిపెట్టవచ్చును. అలుగును పూర్తిగా తెరచి మొనకు దగ్గరగా పట్టుకొని ప్రక్కలకు కదపిచూడుడు. లొటలొటలాడినచో అక్కడనే విడువుడు. ముడిచి చూచినప్పుడు అలుగు పిడి గాడికి నడుమ నిలువవలెను. ఒక ప్రక్కకు ఒరగరాదు. గడియ ఉన్న చాకైనచో వ్రేళ్ళు దారికి అడ్డము లేకుండ పట్టుకొని, అలుగు వీపును ఒక కర్రబల్ల మీద మెల్లగా అదిమిచూడుడు. జారినది కొనదగినది కాదు. అంచును దీపమునకు ఎదురుగా పట్టిచూడుడు. తెల్లని గీత మెరసినచో అక్కడ పదును లేదన్నమాట. నిజమైన పదును వెలుగును తిరుగకొట్టదు.

విదేశములలోనున్న మనవారికి చాకు పంపదలచినవారు మరియొక సంగతి గమనింపవలెను. బ్రిటనులో మూడు అంగుళములకు మించని అలుగు కలిగి, గడియ లేక ముడుచుకొను చాకును మాత్రమే ప్రత్యేక కారణము చెప్పనక్కరలేకుండ బహిరంగ స్థలములలో దగ్గర ఉంచుకొనవచ్చును. గట్టి గడియయే గొప్పతనముగాగల ఖరీదైన చాకు అక్కడ తగిన కారణము లేక జేబులో దొరికినచో చిక్కు తెచ్చిపెట్టును. విమానములలో చేతిసంచియందు చాకును ఉంచరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక మూడవ ధర్మము, అనగా మన్నిక. ఇది కొన్ననాటి వెలకన్న కొన్న తరువాతి శ్రద్ధకే ఎక్కువ లోబడియుండును. పుల్లని కాయలు కోసిన వెంటనే అలుగును కడిగి తుడిచి ఆరబెట్టవలెను. త్రుప్పుపట్టనిదని పేరుపడిన ఉక్కు కూడ ఉప్పునకును పులుపునకును కొంత లొంగును. నెలకొకసారి చీల దగ్గర ఒక నూనెచుక్క వేయవలెను. పదును పెట్టునపుడు రాతిని తడిపి, అలుగును నిలువుగ కాక దాదాపు పరుండబెట్టి, ఇరువది డిగ్రీలకు మించని కోణమున ఉంచి, రెండు ప్రక్కలను సమముగా నూరవలెను. చివర పాత తోలుపట్టీ మీద వెనుకకు లాగినచో అంచున మిగిలిన సన్నని నూగు రాలిపోవును. ఇది నేర్చుటకు రెండుమూడు ఆదివారములు చాలును. నేర్చినవాని చేతిలో మూడువందల రూపాయల చాకు, నేర్వనివాని చేతిలోని ముప్పదివేల చాకును ఏడాది తిరుగకముందే ఓడించును. ఏలయనగా మొదటిదానికి నెలకొకసారి క్రొత్త పదును వచ్చుచుండును. రెండవది అంగడిలో పెట్టిన పదునునే తిని బ్రతుకుచుండును.

అయినచో ఖరీదైన చాకును ఎవరును కొనరాదా? కొనవచ్చును. దినమంతయు త్రాళ్ళు, తోళ్ళు కోసి జీవించువానికి పదును చాలసేపు నిలుచుట వలన నిజమైన లాభము కలదు. చక్కని పనితనమును చూచి ఆనందించువాడు తన సొంత సొమ్ముతో కొనుటయు తప్పు కాదు. వీణకు దంతపు చెక్కుడు పెట్టించుకొన్నంత మాత్రమున స్వరము పెరుగదు. అయినను పెట్టించుకొన్నవానిని మనము నిందింపము. ఆ సొమ్ము కోతకు కాక కనులపండుగకు ఇచ్చుచున్నామని తెలిసి ఇచ్చినచో చాలును. పనికొరకే ఇచ్చుచున్నామని మనలను మనము నమ్మించుకొనుటలోనే మోసమున్నది. బంగారుకత్తి యని ఎవడును మెడ కోసికొనడు. అట్లే బంగారము వెల పెట్టినంత మాత్రమున చాకు తనంతట తాను కోయదు.

ఈ విషయములన్నియు మా కార్యాలయ మిత్రులముందు విన్నవించితిమి. యువమిత్రుడు కొంతసేపు వాదించెను. తుదకు, కానుక మాట ఎట్లున్నను ఆ చాకును తన జీతములో మిగిల్చుకొని తానే కొందుననెను. మంచిదంటిమి. కానుక కొరకు మాత్రము పలుచని అలుగు గల కర్రపిడి చాకు నొకదానిని, ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు గల మంచి సానరాయి నొకదానిని కొంటిమి. తలకు వచ్చిన చందా ఒక పూట ఫలహారమునకు అగు వెలను మించలేదు. కప్పులు కడుగునామె తన వంతును తానే లెక్కపెట్టి ఇచ్చెను.

వీడ్కోలు సభలో ఆ పెద్దమనిషి చాకును తెరచి బొటనవ్రేలిగోటి మీద ఆనించి చూచి తల ఊపెను. సానరాతిని మాత్రము చాలసేపు చేతిలోనే ఉంచుకొనెను. మరునాడు ఉద్యోగము లేదు గదా, ఇంటిపట్టున ఉండునని తలచితిమి. పదిగంటలకు ఆ రాతిని సంచిలో పెట్టుకొని వచ్చెను. ఫలహారశాల వెనుక మెట్టుమీద కూర్చుండి అక్కడి కూరగాయల కత్తులన్నిటికిని వరుసగా పదును పెట్టి పోయెను. నెలకొకమారు ఇప్పటికిని వచ్చుచున్నాడు.

మీ యింటిలో మూలబడిన చాకు ఉన్నచో, క్రొత్తది కొనుటకు ముందు దానిని ఒకసారి రాతిమీద పెట్టి చూడుడని మా మనవి.